నీరు రాకముందే పనిముట్లు పైకి
హస్తకళాకారుల పనిశాలలకు విపత్తు సన్నద్ధత ఆవశ్యకం

(ప్రత్యేక వ్యాసం)

తుఫాను తీరం దాటిన తరువాత, వరద తగ్గుముఖం పట్టిన తరువాత ప్రభుత్వ యంత్రాంగం చేపట్టే నష్ట గణనలో ఇళ్లు, పంటలు, పశువులు, రహదారులు, విద్యుత్ స్తంభాలు ముందు వరుసలో ఉంటాయి. ఇంటి వసారాలోనో, పెరటి పాకలోనో పనిచేసుకునే కలంకారీ అద్దకపు కళాకారుని చెక్క అచ్చులు, నేత కార్మికుని మగ్గం, బొమ్మల తయారీదారుని రంగులు, తోలుబొమ్మల కళాకారుని బొమ్మల పెట్టె ఆ గణనలో సులభంగా కంటపడవు. ఇల్లు నిలిచి ఉంటే ఆ కుటుంబం క్షేమంగా ఉన్నట్లే పైకి కనిపిస్తుంది. కానీ పనిముట్లు పాడైన కళాకారునికి మరుసటి రోజు నుంచే జీవనోపాధి ఉండదు.

అమ్మకానికి సిద్ధంగా ఉన్న చీర తడిసిపోతే ఆ నష్టం ఒక చీరకే పరిమితం. చీరకు మూలమైన మగ్గం, నమూనా, ముడిసరుకు పోతే నెలల తరబడి సంపాదన నిలిచిపోతుంది. కావున కళాకారుల విషయంలో విపత్తు సన్నద్ధత అంటే ప్రధానంగా మూడింటిని కాపాడుకోవడం. అవి పనిముట్లు, నమూనాలు, పత్రాలు. ఈ మూడూ భద్రంగా ఉన్న కుటుంబం త్వరగా కోలుకుంటుంది. ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ముందుచూపు, క్రమశిక్షణ, స్థానిక అధికారుల తోడ్పాటు ఉంటే చాలు.

గతం నేర్పిన పాఠాలు

తెలుగు ప్రాంతాలకు విపత్తులు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి వేలాది ప్రాణాలను బలిగొంది. 2009 అక్టోబరులో తుంగభద్ర ఉగ్రరూపం దాల్చినప్పుడు కర్నూలు నగరం, మంత్రాలయం జలమయమయ్యాయి. అదే వరదలో నదీ తీరాన ఉన్న రాజోలి గ్రామం నీట మునిగింది. నేడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న రాజోలి, గద్వాల చీరల నేతకు పేరుపొందిన గ్రామం. అక్కడ ఇళ్లతో పాటు మగ్గాలు కూడా దెబ్బతినడంతో ఆశ్రయం, ఉపాధి ఒకేసారి పోయిన స్థితి నేత కుటుంబాలకు ఎదురైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలి తీవ్రతకు నగరంలో కిటికీ అద్దాలు, పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. వరద రాని మేడపై గది సైతం సురక్షితం కాదని ఆ అనుభవం తెలియజేసింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు గ్రామాలపై విరుచుకుపడింది. కరవు సీమగా భావించే రాయలసీమకు కూడా వరద ముప్పు ఉన్నదని దీనితో స్పష్టమైంది. 2024 సెప్టెంబరులో కొండపల్లి సమీపాన బుడమేరుకు గండ్లు పడి విజయవాడ నగరంలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఆ సమయంలోనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులను మించింది.

పొరుగు రాష్ట్రమైన తమిళనాడుకు ఆవల, కేరళలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ ప్రస్తావించదగినది. 2018 ఆగస్టు వరదలలో ఎర్నాకుళం జిల్లా చేందమంగలం చేనేత కేంద్రం మునిగి, ఓణం పండుగకు సిద్ధం చేసిన వస్త్రాలు బురద మరకలతో అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ వస్త్రాలను శుభ్రపరచి, ముక్కలు చేసి, ‘చేకుట్టి’ అనే చిన్న బొమ్మలను తయారుచేయించి విక్రయించారు. పాడైన సరుకును వెంటనే పారవేయరాదన్నది ఈ ఉదంతం నుంచి గ్రహించవలసిన విషయం. అయితే వస్త్రాన్ని బొమ్మగా మార్చవచ్చును గాని, దెబ్బతిన్న మగ్గాన్ని బాగుచేయక తప్పదు.

ఏ కళకు ఏ ముప్పు

విపత్తు ఒక్కటే అయినా దాని ప్రభావం ఒక్కొక్క కళపై ఒక్కొక్క విధంగా ఉంటుంది. అందువలన అన్ని పనిశాలలకు ఒకే సూచన సరిపోదు.

చేనేత: గుంట మగ్గంలో నేత కార్మికుడు నేలలో తవ్విన గోతిలో కాళ్లు ఉంచి తొక్కుడు కర్రలను నడుపుతాడు. వరద ఇంటిలోకి రాకపోయినా, వరుస వర్షాలకు భూమిలోని నీరు పైకి ఊరి గుంట నిండుతుంది. నీరు తోడిన తరువాత కూడా గుంట ఆరడానికి రోజులు పడుతుంది. తేమకు గంజి పెట్టిన పడుగు బిగువు కోల్పోతుంది. పట్టు దారంపై మరకలు పడతాయి. జకార్డు పెట్టెకు అమర్చే అట్టలు కాగితంతో చేసినవి కనుక తడిస్తే ఉబ్బి రంధ్రాల వరుస చెడుతుంది. అంటే చీర అంచుకు, కొంగుకు సంబంధించిన నమూనా పోయినట్లే. గుంట అంచును ఇటుక, సిమెంటుతో ఎత్తుచేయడం, గోడలకు నీరు ఊరని పూత వేయించడం, అట్టల కట్టలను ప్లాస్టిక్ సంచులలో చుట్టి దూలాలకు వేలాడదీయడం తక్కువ ఖర్చుతో చేయగల పనులు. పల్లపు ప్రాంతాలలో నేలపై నిలిచే చట్రపు మగ్గానికి మారడం శాశ్వత పరిష్కారం కాగలదు.

కలంకారీ: కృష్ణా జిల్లా పెడన పరిసరాలలో అచ్చు అద్దకానికి టేకు చెక్కపై చెక్కిన అచ్చులను వాడతారు. ఒకే నమూనాకు గీతల అచ్చు, రంగుల అచ్చులు వేర్వేరుగా ఉంటాయి. వాటిలో ఒకటి వంకరపోయినా మిగిలినవి నిరుపయోగమే. నీటిలో నానిన అచ్చును ఎండలో ఆరబెడితే పగులుతుంది. కరక్కాయ, పటిక, నీలిమందు వంటి ద్రవ్యాలు తేమ తగిలితే చెడిపోతాయి. అచ్చులను నేలపై పేర్చకుండా గోడ అరలలో, నమూనాకొక కట్టగా ఉంచి, ప్రతి అచ్చు ముద్రను ఒక పుస్తకంలో వేసి భద్రపరచుకోవాలి. అచ్చు పోయినా ముద్ర మిగిలి ఉంటే దానిని చూసి మళ్లీ చెక్కించుకునే వీలుంటుంది. కలంతో గీసే శ్రీకాళహస్తి సంప్రదాయంలో ఈ పాత్ర రేఖాచిత్రాలది. వాటి ప్రతులు మరొక చోట ఉండటం తప్పనిసరి.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు: కొండపల్లి బొమ్మలకు తేలికైన తెల్లపొణికి కర్రను వాడతారు. బొమ్మ భాగాలను అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టుతో చేసిన మక్కు ఉపయోగిస్తారు. ఈ మక్కు నీటికి మెత్తబడి అతుకులు ఊడిపోతాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు యంత్రంపై తిప్పుతూ లక్క పూస్తారు. ఇక్కడ నీటితో పాటు వేడి కూడా శత్రువే. లక్క వేడికి కరిగిపోతుంది. యంత్రాల మోటార్లను నేల మట్టానికి కాక ఎత్తైన దిమ్మెపై అమర్చుకోవడం, ఎండబెట్టిన కర్ర నిల్వలను అటకపైకి చేర్చడం మేలు.

తోలుబొమ్మలు: శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేక తోలును వెలుతురు ప్రసరించేంత పలుచగా గీకి, రామాయణ, మహాభారత పాత్రలను చిత్రిస్తారు. ఈ తోలు నీటికి ఉబ్బుతుంది. ఎండకు గాని మంటకు గాని త్వరగా ఆరబెడితే ముడుచుకుపోతుంది. తరతరాలుగా వస్తున్న పాత బొమ్మలు ఆ కుటుంబాలకు నమూనా గ్రంథాల వంటివి. వాటిని నూలు వస్త్రాల మధ్య పరచి, మూత బిగుతుగా ఉండే రేకు పెట్టెలో, నేలకు మూడు అడుగుల ఎత్తున ఉంచాలి. ప్రతి బొమ్మను వెనుక నుంచి వెలుతురు పడేటట్లు ఛాయాచిత్రం తీయించి పెట్టుకోవాలి.

చిత్రకారులు, శిల్పులు: పట్టణాలలో కింది అంతస్తులో, అద్దె గదులలో పనిచేసే చిత్రకారులు కాన్వాసులను గోడకు ఆనించి నేలపైనే నిలబెట్టడం పరిపాటి. రెండు ఇటుకలపై ఒక పలక వేసి దానిపై నిలబెట్టినా స్వల్ప ముంపు నుంచి రక్షణ లభిస్తుంది. కాగితంపై గీసిన చిత్రాలు, పాత ఛాయాచిత్రాలు, కంప్యూటరు హార్డ్ డిస్కులు పై అరలలో ఉండాలి. కిటికీ ఎదురుగా పూర్తయిన చిత్రాలను ఉంచరాదు.

72 గంటల ప్రణాళిక

భారత వాతావరణ విభాగం తుఫాను సమాచారాన్ని నాలుగు దశలలో అందజేస్తుంది. ముందస్తు పరిశీలన సుమారు 72 గంటల ముందు, అప్రమత్తత కనీసం 48 గంటల ముందు, తుఫాను హెచ్చరిక కనీసం 24 గంటల ముందు, తీరం దాటిన తరువాతి పరిస్థితిపై సూచన కనీసం 12 గంటల ముందు వెలువడతాయి. ఈ దశలను పనిశాల పనులకు అన్వయించుకోవడం ఎంతో ప్రయోజనకరం.

మొదటి దశలో కొత్త పడుగు ఎక్కించడం, కొత్త రంగు కాగు పెట్టడం వంటి పనులను వాయిదా వేయాలి. సిద్ధమైన సరుకును వీలైతే సహకార సంఘానికి గాని, కొనుగోలుదారునికి గాని చేరవేయాలి. రెండవ దశలో నమూనాలు, అచ్చులు, అట్టలు, పుస్తకాలను పైకి చేర్చాలి; పనిశాల నలుమూలలా ఫోనుతో చిత్రాలు తీసి వేరే ఊరిలోని బంధువుకు పంపాలి. మూడవ దశలో విప్పగల యంత్ర భాగాలను విప్పి ఎత్తున పెట్టాలి; విద్యుత్ మెయిన్ స్విచ్ ఆపాలి; రంగు డబ్బాలు, టర్పెంటైన్, కిరోసిన్ మూతలు బిగించి ఒకచోట ఉంచాలి. పత్రాల సంచిని చేతపట్టుకుని కుటుంబ సభ్యులతో పునరావాస కేంద్రానికి తరలిపోవాలి. నాల్గవ దశకు వచ్చేసరికి పనిశాలలో ఎవ్వరూ ఉండరాదు. మగ్గం కోసమో, బొమ్మల కోసమో వెనుదిరిగి వెళ్లడం ప్రాణాపాయం. ప్రాణం తరువాతనే ఏదైనా.

అయితే కట్ట తెగడం వలన గాని, ఎగువ నుంచి ఒక్కసారిగా నీరు విడుదల కావడం వలన గాని వచ్చే వరదకు 72 గంటల వ్యవధి ఉండదు. కొన్ని గంటలు మాత్రమే ఉండవచ్చు. అందుకే అరలు, అటకలు, ఎత్తు దిమ్మెలు ముందుగానే సిద్ధంగా ఉండాలి. గతంలో నీరు ఎంతవరకు వచ్చిందో గోడపై గీత గీసి ఉంచుకుని, విలువైన ఏ వస్తువునూ ఆ గీతకు దిగువన శాశ్వతంగా ఉంచకుండా చూసుకోవడం మంచి పద్ధతి.

నీరు తీసిన తరువాత తొలి 48 గంటలు

తడిసిన వస్త్రం, కాగితం, తోలు, కర్రలపై 24 నుంచి 48 గంటలలో బూజు పట్టడం మొదలవుతుంది. కనుక తొలి రెండు రోజులే కీలకం. భవనం భద్రంగా ఉన్నదని, విద్యుత్ సరఫరా నిలిపివేసి ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతనే లోనికి ప్రవేశించాలి. వరద నీటిలో మురుగు, రసాయనాలు కలిసి ఉంటాయి కనుక చేతి తొడుగులు, బూట్లు ధరించాలి. అరల వెనుక పాములు చేరే అవకాశం ఉంది.

ఏ వస్తువునూ కదపకముందే ఉన్నది ఉన్నట్లు ఫోటోలు తీయాలి. నష్టపరిహారానికైనా, బీమాకైనా ఇదే తొలి సాక్ష్యం. ఆ తరువాత తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి.

• వస్త్రాలను మంచినీటితో మెల్లగా జాడించాలి, పిండరాదు. రంగు దిగే వాటిని వేరుచేసి నీడలో పరచాలి.

• చెక్క అచ్చులు, బొమ్మలు, మగ్గం భాగాలపై బురద ఆరకముందే కడిగి, నీడలో నిదానంగా ఆరనివ్వాలి.

• తోలుబొమ్మలను సమతలంగా నూలు వస్త్రాల మధ్య పరచి, తేలికపాటి బరువు ఉంచి, వస్త్రాలను తరచుగా మార్చుతుండాలి.

• కాన్వాసు చిత్రాలను చట్రం నుంచి ఊడదీయకుండా, బొమ్మ పైకి ఉండేటట్లు పరచాలి. రంగు పొరను తుడవరాదు.

• అంటుకుపోయిన కాగితాలను, ఫోటోలను బలవంతంగా విడదీయరాదు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో ఉంచి ఫ్రీజరులో భద్రపరిస్తే బూజు నిలిచిపోతుంది. తరువాత నిపుణుల సలహాతో విడదీయవచ్చు.

• నీటిలో మునిగిన మోటార్లను, కంప్యూటర్లను సాంకేతిక నిపుణుడు పరీక్షించేంతవరకు ఆన్ చేయరాదు.

అగ్ని ప్రమాదాలపై అప్రమత్తత

తుఫాను ముందుగా చెప్పి వస్తుంది. మంట చెప్పి రాదు. రంపపు పొట్టు, నూలు చెత్త, ఎనామెల్ రంగులు, థిన్నరు, టర్పెంటైన్, లక్క ఒకే గదిలో ఉండే పనిశాలలో చిన్న నిప్పురవ్వ సైతం సర్వనాశనం చేయగలదు. నూనె రంగులకు వాడే అవిసె నూనెలో తడిసిన గుడ్డపీలికలు కుప్పగా పడి ఉంటే బయటి నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకునే గుణం కలవి. వాటిని మూత ఉన్న లోహపు డబ్బాలో నీటిలో నానబెట్టి పారవేయాలి. వంట పొయ్యికి, రంగుల నిల్వకు మధ్య గోడ ఉండాలి. రోజు పని ముగిసిన వెంటనే పొట్టు ఊడ్చివేయడం, పాత వైరింగు మార్పించడం, పొడి రసాయనంతో పనిచేసే ఒక అగ్నిమాపక సాధనాన్ని తలుపు దగ్గర అమర్చుకోవడం అవసరం. అగ్నిమాపక సేవలకు 101, ఏ అత్యవసర సహాయానికైనా 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. జిల్లా విపత్తు నియంత్రణ గదికి 1077, రాష్ట్ర స్థాయికి 1070 నంబర్లు ఉన్నాయి.

పత్రాలు, సహాయం, బీమా

రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి అందించే సహాయంలో హస్తకళలు, చేనేత రంగాల వృత్తిదారులకు ప్రత్యేక పద్దు ఉన్నదన్న విషయం చాలామంది కళాకారులకు తెలియదు. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం, దెబ్బతిన్న పనిముట్ల స్థానంలో కొత్తవి సమకూర్చుకోవడానికి ఒక్కొక్కరికి రూ.5,000, ముడిసరుకు, తయారీలో ఉన్న లేదా పూర్తయిన సరుకు నష్టానికి రూ.5,000 నిర్దేశించారు. అంతకుముందు 2015-20 కాలంలో ఈ మొత్తాలు రూ.4,100 చొప్పున ఉండేవి. ప్రభుత్వం నియమించిన అధికారి నష్టాన్ని ధ్రువీకరించడం ఇందుకు నిబంధన. అంటే గణన బృందం వచ్చిన రోజున నష్టాన్ని చూపగలగడమే కీలకం. పనిముట్ల జాబితా లేని కళాకారుడు పోయినదేమిటో నోటిమాటగా మాత్రమే చెప్పగలడు.

కనుక ప్రతి పనిశాలకు ఒక జాబితా ఉండాలి. పనిముట్టు పేరు, సంఖ్య, కొన్న సంవత్సరం, సుమారు విలువ, ఫోటో అందులో ఉంటే చాలు. చేతివృత్తులవారి గుర్తింపు కార్డు, చేనేత గుర్తింపు కార్డు, ఉద్యమ్ నమోదు పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం, కొనుగోలు ఆర్డర్లు, అప్పు కాగితాల నకళ్లను నీరు చొరని సంచిలో జాబితాతో పాటు ఉంచి, మరొక ప్రతిని సహకార సంఘం కార్యాలయంలో గాని, వేరే ఊరి బంధువుల వద్ద గాని భద్రపరచాలి.

పైన పేర్కొన్న సహాయం తక్షణ ఉపశమనానికి ఉద్దేశించినది. జకార్డుతో కూడిన మగ్గాన్ని తిరిగి నిలబెట్టడానికి అది చాలదు. ఆ లోటును పూడ్చేది బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ ఒకే చోట రూ.5 కోట్ల వరకు విలువ గల సంస్థలకు వర్తిస్తుంది. అగ్ని ప్రమాదంతో పాటు తుఫాను, వరద, భూకంపం వంటి ముప్పులు దీని పరిధిలోకి వస్తాయి. ఇంటి బీమా గృహోపకరణాలకు ఉద్దేశించినది కావున, ఇంట్లోనే పనిశాల ఉన్నవారు వృత్తి సామగ్రిని విడిగా పేర్కొని బీమా చేయించుకోవడం శ్రేయస్కరం. తుఫాను వార్త వెలువడిన తరువాత బీమా కోసం పరుగులు తీస్తే ప్రయోజనం ఉండదు.

కళాకారుని వ్యక్తిగత రక్షణకు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన, జీవన్ జ్యోతి బీమా యోజన పథకాలున్నాయి. 2022 జూన్‌లో సవరించిన మేరకు వీటి వార్షిక ప్రీమియం వరుసగా రూ.20, రూ.436. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో సంప్రదాయ బొమ్మల తయారీదారులు, శిల్పులు, కుమ్మరులు సహా 18 వృత్తులవారికి పనిముట్ల కొనుగోలుకు రూ.15,000 వరకు ప్రోత్సాహకం, హామీ అవసరం లేని రుణం కల్పించారు. కొత్త పనిముట్లు సమకూర్చుకున్న రోజే వాటిని జాబితాలో చేర్చి, బీమా పరిధిలోకి తేవడం మరువరాదు.

అధికారుల, పాత్రికేయుల పాత్ర

నష్ట గణనకు వెళ్లే రెవిన్యూ సిబ్బందితో పాటు చేనేత, జౌళి శాఖ లేదా పరిశ్రమల శాఖ ప్రతినిధి కూడా ఉంటే పనిశాలల నష్టం గుర్తింపునకు నోచుకుంటుంది. ఇంటి నష్టాన్ని, పనిశాల నష్టాన్ని రెండు వేర్వేరు వరుసలలో నమోదు చేయడం న్యాయం. బురద కడిగివేయకముందే గణన జరగాలి. కళాకారుడు నష్టం చూపడం కోసం బురదను అలాగే ఉంచితే బూజు పట్టి, మిగిలిన సామగ్రి కూడా పోతుంది. ఫోటోలు తీసుకుని శుభ్రపరచుకోవచ్చునని గణనకు ముందే ప్రకటించడం వలన ఈ ఇబ్బంది తొలగిపోతుంది. వర్షాకాలానికి ముందుగా, ఏటా మే నెలలో, కళాకారుల గ్రామాలలో ఒకరోజు శిబిరం నిర్వహించి జాబితాలు, కార్డులు, బీమా పత్రాలను సరిచూడటం గ్రామ స్థాయి సిబ్బందికి సాధ్యమయ్యే పనే. పునరావాస కేంద్రాలుగా వాడే పాఠశాల భవనాలలో ఒక గదిని అచ్చులు, అట్టలు, బొమ్మల పెట్టెల నిల్వకు కేటాయిస్తే, పనిముట్లను వదలి రాలేక ఇంట్లోనే ఉండిపోయే కుటుంబాలు సకాలంలో బయలుదేరుతాయి.

పాత్రికేయులు తుఫాను వార్తలలో మత్స్యకారులకు, రైతులకు ఇచ్చే సూచనలతో పాటు చేతివృత్తులవారికి కూడా రెండు వాక్యాలు చేర్చగలిగితే అది విలువైన ప్రజాసేవ అవుతుంది. విపత్తు జరిగిన వారం రోజులకు వార్త ముగిసిపోతుంది. కానీ కళాకారుని కష్టం ఆ తరువాతనే మొదలవుతుంది. నెల గడిచిన తరువాత ఎన్ని మగ్గాలు తిరిగి ఆడుతున్నాయి, ఎన్ని అద్దకపు బల్లలు ఖాళీగా ఉన్నాయి అని ఆరా తీసే కథనాలు యంత్రాంగానికి కూడా మార్గదర్శకాలు కాగలవు.

పెడన అద్దకానికి, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు, శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు నిలిచేది ఆయా గ్రామాలలో పనిచేసే చేతులు నిలిచినప్పుడే. ఒక విపత్తు తరువాత పనిముట్లు సమకూర్చుకోలేక కూలికి వలసపోయిన కళాకారుడు తిరిగి వృత్తిలోకి రావడం కష్టసాధ్యం. ఆయనతో పాటు ఆయన పిల్లలు నేర్చుకోవలసిన విద్య కూడా ఆగిపోతుంది. ఒక అర, ఒక జాబితా, ఒక బీమా పత్రం, సకాలంలో తలుపు తట్టే ఒక అధికారి దీనిని నివారించగలరు. వచ్చే వర్షాకాలానికి ముందే ప్రతి కళాకారుని పనిశాలలో ఈ ఏర్పాట్లు పూర్తయ్యేలా సంబంధిత శాఖల అధికారులు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, పాత్రికేయ మిత్రులు కలసికట్టుగా కృషి చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

– పౌరసంబంధాల అధికారి